కింది అర పైకి చూసింది

మా మరిది చేతికి ఒక కాగితం దొరికితే చాలు, ఇక వాణ్ణి పట్టడం ఎవరి తరమూ కాదు.

"చూశావా వదినా? తేదీ ఉంది, టైము ఉంది, పేరు ఉంది. ఇంకేం కావాలి నీకు?" అంటూ దాన్ని నా ముక్కు ముందు ఆడించాడు. ఒంటి మీద ఇన్‌స్పెక్టరు యూనిఫాం ఉంది కాబట్టి ఊరుకున్నాను గానీ, ఇంట్లో అయితే చెవి మెలిపెట్టేదాన్ని.

"ఆడించకురా. చదవనీ."

పోయిన గురువారం, సాయంత్రం ఆరూ పన్నెండు. కొలతల మాడ్యూలులో మార్పు. మారింది ఒక్క లైను. మార్చినవారి పేరు దగ్గర, ఆ తలుపు అవతల కూర్చోబెట్టిన ఆవిడ పేరు ఉంది. ఆ లైను మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ కలిసిన గజిబిజి. నాకు ముక్క అర్థం కాలేదు. వాడికీ అర్థం కాలేదని వాడి మొహమే చెప్తోంది.

"ఎవరెవరికి చూపించావు ఇది?"

"నీకొక్కదానికే. మా సైబర్ వాళ్ళు పదకొండున్నరకి కంపెనీ కంప్యూటర్లలోంచి తీసిచ్చారు, జేబులో పెట్టాను. కంపెనీలో పురుగుక్కూడా చూపించలేదు. ఆవిడ పాస్‌వర్డు కూడా అప్పుడే మూయించేశాను. కీబోర్డు ముట్టుకోనివ్వద్దని కానిస్టేబుల్‌కి గట్టిగా చెప్పాను."

అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై.

జరిగింది ఇదీ. పక్క వీధిలోని పిల్లల హాస్పిటల్లో, నాలుగో మంచం మీది ఏడు నెలల పాపకి గుండె మందు పంపు ద్వారా ఎక్కుతోంది. గంటకి సున్నా పాయింట్ ఆరు మిల్లీలీటర్లు ఎక్కాలి. ఈ పొద్దున తొమ్మిదీ ఐదు నుంచి పదీ ఇరవై దాకా అంతకన్నా ఎక్కువ ఎక్కింది. పాప పెదాలు నీలంగా మారడం తల్లి చూసి కేకలు పెట్టింది కాబట్టి ప్రాణం నిలిచింది. పంపుల్లో నడిచే ప్రోగ్రాములు రాసేది మేమిప్పుడు నిలబడ్డ ఈ కంపెనీ. పదకొండింటికల్లా పంపులన్నీ ఆపేశారు. నర్సులు చేత్తో సిరంజి పట్టుకుని, గడియారం చూసుకుంటూ మందు ఎక్కిస్తున్నారు. పదకొండున్నరకి మా మరిది నేరస్థురాల్ని తేల్చేశాడు. పన్నెండింటికి ఆవిడ భర్త, బళ్ళో లెక్కల మాస్టారు, నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. నా భార్య అమాయకురాలండీ అని ఏడుస్తాడనుకున్నాను. "ఆవిడ పని ఒక్కసారి చూడండి, చాలు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రైవేటు డిటెక్టివుగా ఎంతమంది మొగుళ్ళని చూశానో! అలా అన్నవాడు ఇతనొక్కడే. అందుకే బయల్దేరాను.

"నాలుగింటికి అరెస్టు," అన్నాడు మా మరిది. "అదే నాలుగింటికి కంపెనీ మేనేజరు హాస్పిటల్లో మిషన్లన్నిటికీ ప్రోగ్రాము తాజా కాపీ పంపిస్తున్నాడు. పంపులు మళ్ళీ మొదలవుతాయి. కథ కంచికి."

"తప్పు ఈవిడది కాకపోతే?"

"అబ్బా, మొదలెట్టావా?"

"మొదలెట్టానురా. ఈవిడది కాకపోతే అసలు తప్పు ఆ పంపుల్లోనే ఉండిపోతుంది. నాలుగింటికి మళ్ళీ పసిపిల్లల ఒంట్లోకి ఎక్కుతుంది. కొంచెం బుర్ర పెట్టి ఆలోచించు."

వాడు మూతి ముడుచుకుని తలుపు తీశాడు.

లోపల నలభై ఏళ్ళావిడ, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అల్మారా అంటారట. ఎందుకో గోడ చూడగానే తెలిసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అరల్లో సర్దినట్టు అట్టముక్కలు గుచ్చి ఉన్నాయి. అట్టకీ అట్టకీ మధ్య ఎర్ర దారాలు. అన్ని దారాలూ పై నుంచి కిందికే దిగుతున్నాయి. కింది నుంచి పైకి పోయే దారం ఒక్కటీ లేదు. ఎంత ముచ్చటగా ఉందో, వచ్చిన పని మర్చిపోయి ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను.

"గురువారం సాయంత్రం ఆరూ పన్నెండుకి ఎక్కడున్నావమ్మా?"

"హాస్పిటల్లో ఉన్నానండీ. ప్రతి గురువారం వెళ్తాను. నర్సుల వేళ్ళు చూడటానికి."

"వేళ్ళా?"

"ఏ బటన్ దగ్గర తడబడుతున్నారు, ఎక్కడ రెండుసార్లు నొక్కుతున్నారు అని. అది ఇక్కడ కూర్చుంటే తెలీదు కదండీ."

"హాస్పిటల్లో ఉంటే మాత్రం?" మా మరిది అందుకున్నాడు. "చేతిలో ఫోను ఉంటుంది. ఫోన్లోంచి మార్చొచ్చు."

"నువ్వు కాసేపు నోరు మూసుకో. అమ్మా, నీ కంప్యూటరు?"

ఆవిడ తల దించుకుంది. "తెరిచి పెట్టి వెళ్ళాను. ఏదో రిపోర్టు తీసుకోవాలంటే. తప్పు నాదేనండీ. తలుపు తీసిపెట్టింది నేనే."

"ఎవరడిగారు రిపోర్టు?"

"అడిగినవాళ్ళే మార్చారని నేను చూశానా? చూడకుండా ఒకరి పేరు చెప్పి, వాళ్ళ బతుకు బజారున పెట్టలేను."

అప్పటికే నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది. కానీ గౌరవం సాక్ష్యం కాదు. అందుకే గోడ వైపు చెయ్యి చూపించాను.

"ఇదేంటమ్మా, దండెం మీద బట్టలారేసినట్టు?"

ఆవిడ ఫక్కున నవ్వింది. కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వచ్చేసరికి మనిషే మారిపోయింది.

"ఒక్కో అట్ట ఒక్కో మాడ్యూలండీ. మాడ్యూలంటే ఒక్క పని మాత్రమే తెలిసిన ముక్క. ఆ పనికి కావలసిన సరంజామా అంతా దాని లోపలే ఉంటుంది. బయటివాళ్ళు లోపల చెయ్యి పెట్టకూడదు. కిటికీ దగ్గర నిలబడి అడగాలి. అడిగింది ఇస్తుంది."

"మందుల షాపు లాగా."

"అదే. ఇక ఎవరు ఎవర్ని అడగొచ్చన్నదే అసలు విషయం. అన్నిటికన్నా కింది అరలో కొలతలు, గడియారం. వాటి పైన మందు లెక్క. ఆ పైన మోటారు. అన్నిటికన్నా పైన తెర, అలారం. పైవాళ్ళు కిందివాళ్ళని అడగొచ్చు. కింది అర మాత్రం పైకి చూడకూడదు. నాకున్నది ఆ ఒక్క రూలే."

"చూస్తే ఏం కొంప మునుగుతుంది?"

"తెర మీద ఎవరో అందం కోసం చేసిన మార్పు కిందికి దిగి, మోటారు తిప్పేస్తుందండీ."

కింది అరలో కొలతల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. ప్రతి అట్టకీ ముందువైపు 'నాకు ఎవరు కావాలి' అని, వెనకవైపు 'నేను ఎవరికి కావాలి' అని శీర్షికలు. కొలతల అట్ట ముందువైపు గుండ్రటి చేతిరాతతో 'ఎవరూ వద్దు' అని రాసి ఉంది.

"పదమూడు రకాల మిషన్లు చేశామండీ. అన్నిట్లో ఇదే కొలతలు. మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు. ఒకసారి సరిగ్గా చేస్తే పదమూడు చోట్లా సరిగ్గా ఉంటుంది."

ఇల్లాలు కొత్త వంటిల్లు చూపించినంత మురిపెంగా చెప్పింది. నా వంటింట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉందో నాకే తెలీదు. ఈవిడేమో కంటికి కనపడని పదమూడు వంటిళ్ళని ఇలా సర్దిపెట్టింది! ఇంత పద్ధతైన మనిషిని గురించి నా మరిది ఏమంటున్నాడు? ఈవిడే ఆ అరని చెడగొట్టిందంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మా, మార్పు జరిగింది కొలతల్లోనే."

"వదినా!" మా మరిది ఎగిరి గంతేశాడు. "సాక్ష్యం బయటపెట్టేస్తావేంటి?"

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. "కొలతల్లోనా? ఇన్‌స్పెక్టరుగారు పంపులో మార్పు అన్నారు గానీ... నాలుగేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదండీ. దానికి ఎవరి అవసరమూ లేదు. దాన్ని ఎందుకు మారుస్తారు?"

"ఈమధ్య కొత్తగా ఏం చేర్చారు?"

"తెర మీద పెద్ద అక్షరాలు. సోమవారం వెళ్ళింది హాస్పిటల్‌కి. నన్నడిగితే మూడు రోజులు కావాలన్నాను. అంత టైము లేదని మేనేజరుగారే చేశారు. తెర మాడ్యూలు ఆయనదే, పదేళ్ళ కిందట రాశారు. పై అరలో మార్పు కదా, కింద ఎవరి మీదా పడదు కదా అని నేనూ ఊరుకున్నాను."

ఆ అట్ట నా సంచిలో వేసుకున్నాను. ఆవిడ వద్దనలేదు.

*

హాస్పిటల్ చేరేసరికి రెండూ నలభై. పిల్లల వార్డు గుమ్మంలోనే ఒక చెక్కపెట్టె ఉంది. ఫోన్లన్నీ అందులో వేస్తేగానీ లోపలికి పోనివ్వరు. మా మరిది ఫోను కూడా వేయించారు. వాడు యూనిఫాం చూపించాడు, పెద్ద నర్సు పెట్టె చూపించింది. పెట్టే గెలిచింది.

పెద్ద నర్సుకి యాభై దాటి ఉంటాయి. రిజిస్టరు తెచ్చి, దాన్ని చేతులు చాచినంత దూరం పెట్టుకుని, కళ్ళు చికిలించి వేలితో వెతికింది.

"గురువారం... ఇదిగో. అల్మారా. లోపలికి ఐదూ నలభై, బయటికి ఆరూ యాభై. నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఎంత మంచి పిల్లో! మా చేతుల వైపు అంత శ్రద్ధగా చూసినవాళ్ళని నా సర్వీసులో చూడలేదు."

"ఫోను?"

"పెట్టెలో. డాక్టరుగారికే మినహాయింపు లేదు, ఆవిడకుంటుందా?"

నేను మా మరిది వైపు తిరిగాను. "ఫోన్లోంచి మార్చిందన్నావు."

"సరే, ఇంకెవరో ఆవిడ కోసం మార్చి ఉంటారు," అన్నాడు గానీ, గొంతులో మునుపటి ఊపు లేదు.

అంతలో నాలుగో మంచాన్ని మా పక్కనుంచే తోసుకుంటూ తీసుకెళ్ళారు. పాప పిడికిళ్ళు బిగించి పడుకుంది. తల్లి మంచం కమ్మీ పట్టుకుని నడుస్తోంది. ఊపిరి తగ్గుతోందని పై గదికి మారుస్తున్నారట. పెద్ద నర్సు కూడా వాళ్ళతో వెళ్ళింది. ఆ తల్లి కళ్ళు చూశాక నా గడియారం వైపు చూడాలంటే భయమేసింది. రెండూ యాభై.

పెద్ద నర్సు తిరిగొచ్చేసరికి మూడూ పది.

"పొద్దున తొమ్మిదీ ఐదుకి ఆ పంపు దగ్గర మీరేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు తల్లీ! మందు మార్చలేదు, లెక్క మార్చలేదు. ఇన్‌స్పెక్టరుగారికి పదిసార్లు చెప్పాను."

"కళ్ళజోడేది మీది?"

ఆవిడ ఖంగుతింది. "పొద్దున కుర్చీలో పెట్టి, దాని మీదే కూర్చున్నాను. నవ్వకండి."

"నవ్వట్లేదు. మరి పంపు మీది అంకెలు ఎలా చదివారు?"

"ఆ మిషన్లో పెద్ద అక్షరాల బటన్ కొత్తగా వచ్చింది గదా! నా మూడు పంపులకీ నొక్కాను. ఇంతింత కనిపిస్తాయి, హాయిగా ఉంది."

"మూడింటికీనా? మిగతా రెంటిలో ఏమీ తేడా రాలేదా?"

"రాలేదు. ఒకటి గంటకి రెండు, ఇంకోటి మూడు. అవి బాగానే ఎక్కాయి."

"పాపది?"

"సున్నా పాయింట్ ఆరు."

"తెర మీద ఎంత కనిపించింది?"

"పాయింట్లు కనపడవు పెద్ద అక్షరాల్లో. ఒకటి అని ఉంది. చూపు కోసం అలా చూపిస్తుందేమో, లోపల లెక్క లోపల ఉంటుంది కదా అనుకున్నాను."

ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని. నలభై ఐదేళ్ళ చురుకైన మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. "ఇన్‌స్పెక్టర్ సార్, అంతా రెడీ. నాలుగింటికి దానంతటదే వెళ్ళిపోతుంది. ఈ మేడమ్ ఎవరు?"

"మా వదిన," అన్నాడు మా మరిది, రోగం పేరు చెప్పినట్టు.

"ఆ పంపు చూపించరా," అన్నాను.

మూలన బల్ల మీద, పసుపు టేపు చుట్టుకుని ఉంది పంపు. "చూసుకో," అన్నాడు. "పదీ యాభై ఐదుకి ఆపించాను. తర్వాత నేనే మూడుసార్లు నడిపి చూశాను. సున్నా పాయింట్ ఆరుకి పది సెకన్లకొక టిక్కు పడాలట. ఠంచనుగా పడింది. అంటే మిషన్లో తప్పు లేదు. పొద్దున ఎవరో వేలు పెట్టారు."

"ఆపి మళ్ళీ పెడితే అక్షరాలు ఏమవుతాయి?" పెద్ద నర్సుని అడిగాను.

"చిన్నవైపోతాయి. మళ్ళీ నొక్కుకోవాలి."

"ఒరేయ్!" వార్డు అన్న సంగతి మర్చిపోయి అరిచాను. "సాక్ష్యం కాపాడతానని స్విచ్చి కట్టేసి, నీ చేత్తో నువ్వే చెరిపేశావు గదరా!"

"అరవకు వదినా, పిల్లలు పడుకున్నారు."

టేపు తీయించాను. సిరంజిలో నీళ్ళు నింపి, సున్నా పాయింట్ ఆరు పెట్టించాను. నా వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాం. టిక్కు. పది సెకన్లు. టిక్కు. పది సెకన్లు. మా మరిది కాలరు ఎగరేశాడు.

"ఇప్పుడు పెద్ద అక్షరాలు నొక్కండి."

నొక్కింది. తెర నిండా ఒకటి. టిక్కు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. టిక్కు. మళ్ళీ ఆరు. టిక్కు.

పెద్ద నర్సు చీమలా పాకే ఆ సిరంజి వైపు చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనేనా? నా బిడ్డకి నేనేనా ఎక్కించింది?"

"మీరు కాదు," అన్నాను. "మీరు అక్షరాలు పెద్దవి చేశారు, అంతే. అక్షరాలు పెద్దవైతే మందు పెరగకూడదు. కింది అర పైకి చూసింది."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇది చిన్న లోపం. నేను కనుక్కుని సరిచేయిస్తాను. ఒక్క లైను మార్పుకి ఇంత రాద్ధాంతం దేనికి?"

నేను నోరు తెరిచేలోపలే మా మరిది కదిలాడు. చెప్పొద్దూ, ఆ క్షణంలో వాడు నిజంగా పోలీసులా కనిపించాడు. జేబు మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా అడిగాడు.

"ఒక్క లైను అని నీకెవరు చెప్పారు?"

"అంటే... ఎవరో అన్నారు..."

"ఎవరూ అనలేదు. పదకొండున్నర నుంచి ఈ కాగితం నా జేబు దాటలేదు. మా వదిన తప్ప ఎవరూ చదవలేదు. ఆవిడ కూడా కొలతలు అంది గానీ, ఒక్క లైను అనలేదు. నేను పక్కనే ఉన్నాను."

మేనేజరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. గురువారాల్లో అల్మారా కూర్చునే స్టూలు అదే.

"పెద్ద అక్షరాలు పెట్టగానే తెర మీద నలభై రెండు, లోపల నలభై రెండూ పాయింట్ నాలుగు. రెండూ కలవట్లేదని మిషను అలారం కొట్టింది. ఆపడం కుదరలేదు. సోమవారానికల్లా ఇస్తానని మాటిచ్చాను. ఆవిణ్ణి అడిగితే మూడు రోజులంటుంది, వంద ప్రశ్నలు వేస్తుంది. కొలతలు వెళ్ళి తెరనే అడిగేటట్టు ఒక్క లైను పెట్టాను. రెండూ కలిసిపోయాయి. అలారం ఆగిపోయింది. పని చేసిందండీ! నేను పరీక్షించింది పెద్దవాళ్ళ లెక్కతో. నలభై రెండూ పాయింట్ నాలుగు, నలభై రెండు అయింది. ఎవరికేం నష్టం?"

"ఆవిడ పేరుతో ఎందుకు చేశావు?"

"కింది అర ఆవిడకి తప్ప ఎవరికీ తెరుచుకోదు."

అలారం ఎందుకు మోగుతోందో చూడకుండా, దాని నోరు మూయించాడు. తర్వాత పాప పెదాలు నీలంగా మారితే, ఆ పేరు చూసుకుని చేతులు దులుపుకున్నాడు. నాలుగు దులపాలనిపించింది. నా వయసు గుర్తొచ్చి, సంచిలోంచి అట్ట తీసి అతని కళ్ళ ముందు పెట్టాను.

"చదువు. 'ఎవరూ వద్దు.' ఎంత కష్టపడితే ఈ రెండు మాటలు రాయగలదో తెలుసా నీకు?"

అతను తల ఎత్తలేదు. అట్ట వెనకవైపు నా పక్కన నిలబడ్డ పెద్ద నర్సుకి కనిపిస్తోంది. చేతులు చాచి అట్టని దూరంగా పట్టుకుని చదవసాగింది.

"'నేను ఎవరికి కావాలి.' మందు పంపు. రక్తం తూచే మిషను. పాల సీసా వేడిచేసే మిషను. ఊపిరి యంత్రం..."

ఆగిపోయింది.

ఒకసారి సరిగ్గా చేస్తే పదమూడు చోట్లా సరిగ్గా ఉంటుందని నాకు చెప్పింది అల్మారా. ఒకసారి తప్పు చేస్తే ఏమవుతుందని నేను అడగనే లేదు.

"పాపని ఏ మిషను మీద పెట్టారు?"

"ఊపిరి యంత్రం మీద."

"అక్కడ కూడా అక్షరాలు..."

"నేనే నొక్కాను!" అంది ఆవిడ. పరుగెత్తింది.

ఆవిడ వదిలేసిన అట్ట అందుకుని, మెట్లు రెండేసి ఎక్కాను. ఈ మోకాళ్ళకి అంత సత్తువ ఉందని నాకే తెలీదు. పై గదిలో ఆరు మంచాలు, ఆరు యంత్రాలు. పాప యంత్రం తెర మీద పెద్దగా 'ఒకటి' అని ఉంది. ఒక్కో ఊపిరి అర సెకను తొయ్యాలట. ఒక సెకను తోస్తే ఆ చిన్ని ఊపిరితిత్తులు పట్టలేవు. పెద్ద నర్సు చేత్తో నొక్కే ఊపిరి సంచి అందుకుని, యంత్రానికి చెవి ఆనించింది. నేను వాచీ పట్టుకున్నాను.

హుస్. ఆగింది. హుస్. ఆగింది.

"అర సెకనే," అంది పెద్ద నర్సు, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "అర సెకనే తోస్తోంది! తెర తప్పు చూపిస్తోంది గానీ యంత్రం సరిగ్గానే ఉంది తల్లీ!"

తల్లి మా ఇద్దరి వైపూ గుడ్లప్పగించి చూస్తోంది. నేను అట్ట తిప్పి చదివాను. ఊపిరి యంత్రం అన్న మాట పక్కన, చిన్న అక్షరాల్లో ఇంకో మాట రాసి ఉంది. 'పాత కొలతలే. కొత్తవి వస్తే నేను కళ్ళారా చూసేదాకా ఇవ్వొద్దు.'

ముడి వేసి ఉంచింది. ఏనాడో ఎవరో కొలతలు పాడుచేస్తారని ముందే ఊహించి, ఊపిరి దగ్గర మాత్రం ఎవర్నీ నమ్మకుండా, తనని తానే నమ్మకుండా, యంత్రాన్ని పాత కొలతలకే ముడి వేసి ఉంచింది. నా కళ్ళు తడిశాయి. ఏం సిగ్గుపడను, తడిశాయి. నీ బిడ్డని ఒకావిడ కాపాడిందమ్మా, ఆవిడ ఇప్పుడు పక్క వీధిలో పోలీసు కాపలాలో ఉంది అని ఆ తల్లికి చెప్పబోయాను.

వెనకనుంచి మేనేజరు గొంతు వినిపించింది. మా మరిది అతని రెక్క పట్టుకుని ఎక్కించుకొచ్చాడు.

"మేడమ్... నాలుగింటికి వెళ్ళే తాజా కాపీ..."

"పంపులకే గదా?"

"మిషన్లన్నిటికీ. అన్నిట్లో ఒకే రకం ఉంటే గొడవ ఉండదని... పాత కొలతలకి ఆవిడ వేసిన ముడులన్నీ విప్పేశాను."

గోడ గడియారంలో మూడూ యాభై రెండు. నేను ఆరు మంచాల వైపు చూశాను. ఆరు తెరల మీదా పెద్ద అక్షరాలే, చిన్నవి చెయ్యాలంటే యంత్రం ఆపి మళ్ళీ పెట్టాల్సిందే. ఊపిరి సంచి ఒక్కటే ఉంది. పెద్ద నర్సుకి చేతులు రెండే.

"ఆపు!"

"నా వల్ల కాదు. పంపడం నా చేతిలో ఉంది గానీ, ఆపే మీట కింది అరలో ఉంది, దాని తలుపు ఆవిడ పాస్‌వర్డుతోనే తెరుచుకుంటుంది. అది సార్ మూయించేశారు."

అందరం మా మరిది వైపు తిరిగాం. వాడి మొహం మాడిపోయింది. గోడకున్న హాస్పిటల్ ఫోను అందుకుని, ముందు సైబర్ వాళ్ళకి, తర్వాత కానిస్టేబుల్‌కి నంబర్లు తిప్పాడు.

"పాస్‌వర్డు తెరిచారు. ఆవిణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టు. ఎందుకని అడక్కు. నేనే వద్దన్నాను, నేనే చెప్తున్నాను. ఆ కీబోర్డు ఆవిడకియ్యి!" ఆ తర్వాత కాస్త తగ్గిన గొంతుతో, "అమ్మా, మీరేనా? పాప ఊపిరి యంత్రం మీద ఉంది, మీ ముడులు విప్పేశారు. నాలుగింటికి వెళ్ళిపోతుంది," అన్నాడు.

ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు. మూడూ యాభై నాలుగు. ఎవరు చేశారు, నన్ను వదిలేస్తారా, ఇవేవీ అడగలేదు ఆవిడ.

"పాప ఊపిరి ఎలా ఉందండీ?"

"బాగుందమ్మా. నువ్వు వేసిన ముడే కాపాడింది. ఇంకో ఆరు నిమిషాలు కాపాడాలి."

"సరే. మీరు ఫోను పెట్టకండి," అంది అల్మారా. ఆ వెంటనే కీబోర్డు మీద ఆవిడ వేళ్ళ చప్పుడు మొదలైంది.